ఏముందిలే

కూరగాయల మార్కెట్లో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. కాటా దగ్గర కూర్చునే షావుకారు మొదలుకుని బుట్టలు దించే హమాలీల దాకా అందరికీ ఆయన ఏముందిలే పెద్దాయనే. ఆ పేరు ఎవరో అన్యాయంగా అంటగట్టింది కాదు, ఆయన స్వయంగా సంపాదించుకున్నది. టమాటా ఎలా కాసింది పెద్దాయనా అని అడిగితే ‘ఏముందిలే’ అంటాడు. కాయల బరువుకి చిక్కుడు పందిరి నడుం వంచినా ‘ఏముందిలే, కూరకి సరిపడా’ అంటాడు. ఒకసారి ఆటో నిండా క్యాబేజీ తెచ్చి, పంటంతా పోయినట్టు మొహం పెట్టుకుని నిలబడ్డాడు. బుట్ట భుజానికెత్తుకున్న హమాలీ ఒకడు ‘ఏమీ లేకపోతేనే ఇంత బరువుంది, ఏదైనా ఉండుంటే నా నడుం గతేంటి పెద్దాయనా’ అన్నాడు. మార్కెట్టంతా విరగబడి నవ్వింది. ఆయనా నవ్వాడు గానీ, పంట బాగుందని మాత్రం అనలేదు.

ఇందులో మోసం ఏమీ లేదు. అక్కడ మట్టి పిసికి బతికేవాళ్లందరికీ ఉన్న అలవాటే ఇది, ఆయనకి ఒక పాలు ఎక్కువ. చేలో ఉన్న పంట ఇంకా మనది కాదు. వడగళ్లది కావచ్చు, పురుగుది కావచ్చు, ఎవరి కంటి దిష్టిదో కావచ్చు. దాని ఎదురుగా నిలబడి ఎంత బాగుందో అని మురిసిపోవడమంటే నష్టానికి మన ఇంటి దారి చూపించడమే. అందుకని ఆఖరి బుట్ట ఇంట్లో దిగేదాకా ఆయన నోట మంచిమాట రాదు. అది దిగాక మాత్రం కాళ్లు కడుక్కుని, మెట్టు మీద కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకుని, ‘బాగానే పండింది’ అంటాడు. పంటకి ఒక్కసారి, ఒక్క మాట. అది వినడానికి కూతురు చేస్తున్న పని ఆపి మరీ వచ్చి పక్కన కూర్చునేది.

ఈ కూతురు అంతకుముందు ఊళ్లో బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుట్టేది. పొద్దస్తమానం కాలర్లే, మొత్తం చొక్కా ఎలా ఉంటుందో చూసే భాగ్యం వేరేవాళ్లది. తల్లి పోయాక తండ్రికి తోడుగా కొన్నాళ్లు ఉందామని వచ్చింది. టమాటా నారు పోసిన మడి ముందు కూర్చుని, మొలక మన్ను నెత్తినెత్తుకుని పైకి రావడం చూసింది. ఇక ఫ్యాక్టరీ మొహం చూడలేదు. ‘నీకేం వచ్చు’ అన్నాడు తండ్రి. ‘నేర్చుకుంటా’ అంది. నేర్చుకుంది కూడా. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పెట్టాలో గుప్పెడు మట్టి పిసికి చూసి చెప్పేది, తండ్రి మనసులో అనుకున్నదీ అదే అయ్యేది. అయినా ఆయన ఆ ముక్క పైకి అనలేదు. ‘అమ్మాయి మంచి రైతైపోయిందే అన్నయ్యా’ అని చెల్లెలు మురిసిపోతే, ‘ఏముందిలే, ఏదో తిరుగుతోంది’ అన్నాడు.

ఆ మాటకి కూతురి మనసు చివుక్కుమంది. తర్వాత తనకి తనే సర్దిచెప్పుకుంది. నాన్న లెక్కలో నేనింకా చేలో ఉన్న పంటని కాబోలు, ఇంటికి చేరాక అంటాడులే అనుకుంది. ఎప్పటికైనా ఆయన మెట్టు మీద కూర్చుని తన గురించి ఆ ఒక్క మాట అనాలని ఆమెకి ఎంత ఆశో ఎవరికీ తెలియదు. అందుకోసం ఎన్ని పంటలైనా ఎదురుచూడగలననుకుంది. పొలం ఎక్కడికి పోతుంది?

ఆయన చెల్లెలు, అంటే అమ్మాయికి మేనత్త, దిగువ వీధిలో ఉంటుంది. పొలం సంగతి తెలియాలంటే ఆవిడ బావి సంగతి తెలియాలి. ఎగువన కొండ, దిగువన వీధులు, మధ్యన వీళ్ల పొలం. వానొస్తే కొండ మీది నీళ్లన్నీ ఒక్కసారిగా కిందికి ఉరుకుతాయి. పొలం గట్లు అడ్డం నిలబడి, పరుగెత్తుకొచ్చిన నీళ్లని మడి తర్వాత మడిలో కూర్చోబెట్టేవి. కూర్చున్న నీళ్లు నిదానంగా ఇంకేవి. వానలు మొహం చాటేసి ఎండలు దంచే రోజుల్లో అవే నీళ్లు మేనత్త బావిలో, ఆ వీధిలోని బావులన్నిట్లో ఊరేవి. ‘నీ పొలం తాగిన నీళ్లే నేను తోడుకుంటున్నా అన్నయ్యా’ అనేది ఆవిడ. ‘ఏముందిలే, బావన్నాక నీళ్లుండవా’ అనేవాడు ఈయన.

చెప్పుకుంటే ఇంకా చాలా ఉంది. కలుపు తీయడానికి దిగువ వీధి ఆడవాళ్లు వచ్చి కూలితో పాటు కొంగు నిండా కబుర్లు పట్టుకెళ్లేవాళ్లు. పాలావిడ గట్ల మీది గడ్డి కోసుకెళ్లి బదులుగా పేడ పంపేది. మార్కెట్లో మిగిలి కుళ్లిన కూరలు, హోటల్ వాళ్లు పారేసిన తొక్కలు పొలం మూల గుంతలో పడి ఎరువై, మళ్లీ కూరగాయలై అదే మార్కెట్టుకి తలెత్తుకుని వెళ్లేవి. ఎండాకాలం సాయంత్రం తడి మళ్ల మీంచి చల్లగాలి దిగుతుంటే వీధి వీధంతా అటువైపు కుర్చీలు తిప్పుకుని కూర్చునేది. ఇదంతా లాభమని, లాభమని పైకి చెప్పుకోవాలని ఒక్కళ్లకీ తోచలేదు. పీల్చే గాలికి ఎవరైనా పద్దు రాస్తారా?

అలాంటి రోజుల్లో ఒక ఉదయం పొలం దగ్గర జీపు ఆగింది.

దిగినావిడ సర్వే అధికారిణి. చిన్న వయసు, నెత్తిన టోపీ, చేతిలో అట్ట, దానికి తాడుతో కట్టిన పెన్ను. గట్టు మీద నడవడం రాదు కాబట్టి మళ్లోకి దిగకుండా చాలా మర్యాదగా, చాలా నెమ్మదిగా వచ్చింది. ఊరు పెరుగుతోందని, ఏ పొలాన్ని పొలంగా ఉంచాలి, ఏది గోదాములకివ్వాలి అన్నది తేలుస్తున్నారని చెప్పింది. సొంతదారుకీ ఊరికీ పనికొచ్చే పొలాల జోలికి ఎవరూ రారని కూడా చెప్పింది. ఆ మాట వినవలసిన మనిషి వినలేదు. ఆయన ధ్యాసంతా వెనకున్న టమాటా మీద ఉంది. అంత కాపు ఆ పొలంలో ఎన్నడూ కాయలేదు. ఆయన మెల్లగా జరిగి, సాలుకి అడ్డంగా నిలబడ్డాడు.

“ఈ పొలం వల్ల మీకు ఏం వస్తోందండీ?” అని అడిగింది ఆవిడ.

“ఏముందమ్మా. ఏమీ రాదు.”

“కాయలు కనిపిస్తున్నాయి కదా.”

“కనిపించినవన్నీ ఇంటికొస్తాయా తల్లీ.”

“పోనీ ఊరికి ఏమైనా ఉపయోగం ఉందా? నీళ్లకి గానీ, గాలికి గానీ, ఇంకెవరి బతుకుతెరువుకి గానీ?”

“ఊరికి దీంతో ఏం పనమ్మా. ఉత్త మన్ను. కాళ్లకంటుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.”

పాపం, ఆవిడ చెడ్డది కాదు. పెన్ను ఆపి, “సరిగ్గా ఆలోచించి చెప్పండి పెద్దాయనా. మీరేం చెబితే అదే నేను రాసుకోవాలి” అంది. అక్కడే వచ్చింది చిక్కు. ఇంతగా గుచ్చి గుచ్చి అడుగుతోందంటే కాయ మీద కన్ను పడిందన్నమాటేనని ఆయన గట్టిగా అనుకున్నాడు. “ఆలోచించడానికేముందమ్మా, ఏమీ లేదన్నానుగా” అని ఈసారి ఇంకాస్త గట్టిగా చెప్పాడు.

ఆవిడ కూతురి వైపు తిరిగింది. “మీరేమంటారు?”

కూతురు బుట్ట నడుమున పెట్టుకుని, నవ్వు బయటికి రాకుండా పెదవి కొరుక్కుంటూ నిలబడి ఉంది. హమాలీలకీ షావుకారుకీ తెలిసిన సంగతే కదా, ఇంత చదువుకున్నావిడకి తెలియకుండా ఉంటుందా అనుకుంది. “నాన్న చెప్పాక ఇంక నేను చెప్పేదేముందండీ” అంది.

ఆవిడ రాసుకుంది. వెళ్లేటప్పుడు ఈయన పరుగున వెళ్లి, ఎర్రగా పండిన టమాటాలు సంచి నిండా తెచ్చి జీపులో పెట్టబోయాడు. ‘ఏముందిలే అమ్మా, ఇంటికి పట్టుకెళ్లండి’ అన్నాడు. ఆవిడ చేతులు జోడించి, సర్వేకి వచ్చినచోట ఏదీ తీసుకోకూడదని, తప్పని చెప్పి సంచి తిరిగి ఇచ్చేసింది. ఆ ఒక్క సంచి తీసుకుని ఉంటే, ఇంటికెళ్లి ఒక్క కాయ కోసి నోట్లో వేసుకుని ఉంటే, ఆ మన్ను ఎందుకు పనికొస్తుందో ఆవిడకి తెలిసేది. నిజాయితీపరురాలు, తీసుకోలేదు.

జీపు మలుపు తిరిగాక తండ్రీకూతుళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుకున్నారు.

“చూశావా, ఎన్నిసార్లు అడిగిందో. గండం గడిచింది” అన్నాడు తండ్రి.

టమాటా అంతా ఇంటికొచ్చింది. మెట్టు మీద కూర్చుని ఆయన అనవలసిన మాట అన్నాడు. ఆ మాట ఈసారి ఇంకాస్త నిండుగా అన్నాడని కూతురికి అనిపించింది. ఆ మళ్లలోనే పందిళ్లు వేసి చిక్కుడు పెట్టారు. తీగ పాకి, పూత మొదలైంది. అప్పుడు ఒక మధ్యాహ్నం మోటారు గది తలుపు మీద కాగితం అంటించి ఉంది.

కూతురు చదివింది. ప్రజా ప్రయోజనం గానీ వ్యవసాయ ప్రయోజనం గానీ లేని భూమిగా తేలినందున గోదాముల కోసం తీసుకుంటున్నామని, అభ్యంతరాలుంటే కార్యాలయానికి వచ్చి చెప్పుకోవచ్చని ఉంది. ఆమె ఇంకోసారి చదివింది.

“ప్రయోజనం లేదని ఎవడన్నాడు?” అన్నాడు తండ్రి, కోపంగా.

కూతురు తలుపు వైపే చూస్తూ, “నువ్వే నాన్నా. నేను కూడా” అంది.

అభ్యంతరం చెప్పుకునే రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మెడ దగ్గర కాలరు ఒకవైపు లేచి ఉంటే కూతురు సరిచేసింది. కాలర్ల పని ఆమె చెయ్యి ఇంకా మరిచిపోలేదు. మేనత్త కూడా వస్తానని బయల్దేరింది. కార్యాలయం హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, కిర్రుమంటూ తిరిగే ఫ్యాను, పొడవాటి బల్ల వెనక పెద్ద అధికారి, ఆయన పక్కన ఆ సర్వే అమ్మాయి. ఆమె లేచి ఆ రోజు విన్నదంతా చదివింది. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీసేయలేదు. ‘ఉత్త మన్ను. కాళ్లకంటుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.’ ఆ మాటలు తనవేనని తెలిసినా, ఆ హాల్లో వాటిని ఇంకొకరి గొంతులో వింటే పెద్దాయనకి తన పొలాన్ని ఎవరో తిడుతున్నట్టే అనిపించింది.

కూతురు లేచింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక మేనత్త బావితో మొదలుపెట్టింది. కొండ నీళ్లు గట్ల దగ్గర ఎలా ఆగుతాయో, ఆగకపోతే ఎవరి ఇళ్లలోకి వెళతాయో చెప్పింది. కలుపు తీసే ఆడవాళ్ల గురించి చెబుతూ మధ్యలో గుంత ఎరువు గుర్తొచ్చి అటు వెళ్లింది. అక్కడినుంచి గాలి దగ్గరికి, మళ్లీ నీళ్ల దగ్గరికి వచ్చింది. తడబడింది గానీ ఆపలేదు. “గోదాములో కూరగాయలు దాచుకుంటారు కదండీ. అవి ఎక్కడో పండాలి కదా. మా దగ్గరే పండుతుంటే దాన్ని పూడ్చేసి, పైన కూర్చుని వేరే ఊరి కూరగాయల కోసం ఎదురుచూడ్డం ఎందుకండీ?” అంది. హాలంతా విన్నది.

పెద్ద అధికారి కూడా విన్నాడు. “మీరు చెప్పింది బాగుందమ్మా. కానీ పొలం మీ పేరున లేదు. ఆ రోజు ఏమీ లేదన్నది మీ నాన్నగారు. ఆయన అన్నది తప్పని, పొలం మంచి పొలమని, పంట బాగుందని ఆయనే తన నోటితో చెప్పనివ్వండి. నేను మళ్లీ సర్వే చేయిస్తాను” అన్నాడు.

అడిగింది చాలా చిన్న విషయం. మార్కెట్లో కొనేవాళ్లతో ప్రతి రైతూ రోజూ చెప్పే మాటే కదా అని ఆ అధికారి అనుకుని ఉంటాడు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. తువ్వాలు రెండు చేతులతో పిండుతున్నట్టు పట్టుకున్నాడు. ఆయన కళ్లు అధికారి మీద లేవు, కిటికీలోంచి ఆకాశం మీద ఉన్నాయి. అటువైపు మబ్బు పట్టి ఉంది. ఇంటి దగ్గర పందిళ్ల నిండా చిక్కుడు పూత ఉంది.

“చెప్పండి. పొలం ఎలాంటిది?”

“ఫరవాలేదండీ.”

“ఫరవాలేదంటే? బాగుందనా, బాగాలేదనా?”

“అంటే... ఏదో... ఉన్నంతలో.”

“అన్నయ్యా, చెప్పు” అంది మేనత్త వెనక నుంచి. “నోరు తెరిచి చెప్పు. బాగుందని చెప్పు.”

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. నోరు తెరిచాడు, మూశాడు. జీవితమంతా ఏ మాట అంటే పంట పోతుందని నమ్మాడో, పంటని కాపాడుకోవాలంటే ఆ మాటే అనమంటున్నారు. కూతురు ఆయన పెదవుల వైపే చూస్తూ లోలోపల ఆ మాటని ముందుకి నెడుతోంది. అను నాన్నా. ఒక్కసారి అను.

“పంట బా...” అన్నాడు. పొరమారినట్టు దగ్గి, తల దించుకుని, “ఏముందండీ” అన్నాడు.

హాల్లో ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు నాలుగు కుర్చీలకి పాకింది. సర్వే అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. ఆమె పెద్దాయన మొహంలోకి చూసి, చేతిలోని కాగితం వైపు చూసి, ఏదో అర్థమైనట్టు పెద్ద అధికారి చెవిలో చెప్పబోయింది. ఆయన అప్పటికే తర్వాతి పేరు పిలిచాడు.

తిరిగొస్తుంటే ఇంటి మలుపు దగ్గర ఆయనే అన్నాడు.

“నోరు పెగల్లేదే అమ్మాయ్. పూత మీద ఉంది కదా.”

“పూత కాపాడుకున్నావులే” అంది కూతురు. “పొలం పోయింది.”

అన్నాక ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. తను మాత్రం జీపు దగ్గర నవ్వాపుకుంటూ నిలబడలేదా? కానీ నోరు జారిన మాట ఆయన వినేశాడు. వెళ్లి చిక్కుడు పందిరి కింద కూర్చున్నాడు.

చిక్కుడు కోసుకోనిచ్చారు, అంతవరకూ దయ చూపించారు. అది కూడా బ్రహ్మాండంగా కాసింది. కోసినన్ని రోజులూ పొలం అవతల లారీలు కంకర కుప్పలు పోస్తూనే ఉన్నాయి. ఆఖరి బుట్ట ఇంట్లో దిగింది. తండ్రి కాళ్లు కడుక్కున్నాడు, మెట్టు మీద కూర్చున్నాడు, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కూతురు వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. ఆయన ఏమీ అనలేదు. బుట్ట దిగింది గానీ, పొలం దిగే చోటు ఇంట్లో లేదు కదా.

తర్వాత జరిగింది ఎవరైనా ఊహించగలిగిందే, ఊహించవలసినవాళ్లు తప్ప. ఇల్లు కూడా పొలంలోదే కావడంతో తండ్రీకూతుళ్లు దిగువ వీధిలో మేనత్త ఇంటి పక్క రెండు గదుల్లోకి మారారు. మళ్ల మీద కంకర పడింది, కంకర మీద సిమెంటు పడింది, సిమెంటు మీద రేకుల గోదాములు లేచాయి. కలుపు తీసే ఆడవాళ్లలో కొందరు ఊళ్లో అంట్లు తోమే పనికి కుదిరారు. పాలావిడ గడ్డి లేక రెండు గేదెల్ని అమ్ముకుంది. కూతురికి ఆ గోదాములోనే పని దొరికింది. ఎక్కడెక్కడి నుంచో లారీల్లో వచ్చిన టమాటాల్ని పెట్టెల్లో సర్ది, ఒక్కో పెట్టె మీద ‘తాజా’ అని రాసి ఉన్న స్టిక్కరు అంటించే పని. ఒక రకంగా మళ్లీ కాలర్ల దగ్గరికే వచ్చింది. తను నిలబడే చోటు తమ టమాటా మడి అని ఆమెకి తెలుసు, ఎందుకంటే అక్కడినుంచి కొండ మీది ఒంటి బండ సూటిగా కనిపిస్తుంది. కాళ్ల కింద మన్ను మాత్రం కనిపించదు.

మొదటి వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. పెద్ద వానేమీ కాదు. కానీ కొండ నీళ్లకి మధ్యలో కూర్చోమనేవాళ్లు లేరు. సిమెంటు మీద జారి, ఒక్క పరుగున దిగువ వీధిలోకి వచ్చేశాయి. మేనత్త ఇంట్లో మంచం కోళ్లు మునిగాయి, బియ్యం డబ్బా తేలింది. ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని చీపురుతో నీళ్లు తోస్తూ, “ఇన్నాళ్లూ మా అన్నయ్య ఇంటికి చుట్టాలుగా వెళ్లేవి. ఆయన అక్కడ లేడని నా ఇంటికొచ్చాయి” అంది. నవ్వించాలని అంది. ఎవరికీ నవ్వు రాలేదు. మురికి నీళ్లు మోకాళ్ల దాకా ఉంటే, పెద్దాయన ఆ నీళ్లలో నిలబడి రెండు చేతులతో తోడి పోస్తూనే ఉన్నాడు.

ఎండలు వచ్చేసరికి బావి అడుగున బురద మిగిలింది. వీధికి ట్యాంకరు వస్తే అందరూ బిందెలతో పరుగెత్తేవాళ్లు. మేనత్తకి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఆవిడ బిందె కూడా పెద్దాయనే మోసేవాడు. ఆవిడ అన్నని ఒక్కనాడూ దెప్పలేదు. దెప్పినా బాగుండేదేమో, ఆయన కాస్త తేలికపడేవాడు. బిందె దించిన ప్రతిసారీ బావిలోకి ఒకసారి వంగి చూసి వెళ్లిపోయేవాడు.

అప్పుడు మొదలైంది ఆయనలో మార్పు. టీ కొట్టు దగ్గర ఎవరు కనపడితే వాళ్లని ఆపి పొలం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. “మా టమాటా కోస్తే రసం మోచేతి దాకా కారేది బాబూ. ఆ మన్నులో ఏం పెట్టినా వద్దనేది కాదు. ఎంత వానొచ్చినా కడుపులో పెట్టుకునేది” అనేవాడు. వినేవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. ఏముందిలే పెద్దాయనేనా ఇలా మాట్లాడుతోంది అనుకునేవాళ్లు. టీ కొట్టువాడు ముచ్చటపడి, “ఆ రోజు హాల్లో ఇందులో సగం చెప్పుంటే సరిపోయేది కదా పెద్దాయనా” అన్నాడు. “ఆ రోజు చేలో ఉంది కదయ్యా” అన్నాడు ఆయన.

ఆ మాట కూతురి చెవిన పడింది. టీ కొట్టువాడికి అది అర్థం కాలేదు గానీ ఆమెకి అయింది. నాన్న పొగుడుతున్నాడంటే కథ ముగిసిందని అర్థం. పొలం ఇంక తిరిగి రాదని అందరికంటే ఆఖరున ఒప్పుకున్నది ఆయనే. అప్పటిదాకా ఏడవని ఆమె ఆ రోజు పనికి వెళ్లే దారంతా కళ్లు తుడుచుకుంటూనే నడిచింది.

ఒక రోజు మధ్యాహ్నం ఆయన కూతురికి అన్నం క్యారేజీ తీసుకుని గోదాముకి వచ్చాడు. ఎప్పుడూ గేటు దగ్గర ఇచ్చి వెళ్లిపోయేవాడు, ఆ రోజు ఎండ ఎక్కువగా ఉందని వాచ్‌మన్ లోపలికి పంపాడు. సరుకు దించే అరుగు దగ్గర సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. మంచివాడే, మాటకారి.

“మీ అమ్మాయి చేతులు భలే వేగం పెద్దాయనా. స్టిక్కరు వంకర పోదు. మంచి పనిమంతురాలు” అన్నాడు.

లోపల బల్ల దగ్గర కూతురు చేతిలో రాయిలా గట్టిగా ఉన్న టమాటా ఒకటి ఉంది. తండ్రి ఏమంటాడో ఆమెకి తెలుసు, ఎన్నోసార్లు విన్నదే. తల తిప్పి చూసింది. ఆయన క్యారేజీ కింద పెట్టాడు. కుళాయి దగ్గరికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. వచ్చి అరుగు మెట్టు మీద కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

ఆమె చేస్తున్న పని ఆపింది.

“స్టిక్కర్లదేముంది బాబూ. దాన్ని చేలో చూసుండాల్సింది మీరు” అన్నాడు. “మట్టి ముట్టుకుని దాహమేసిందో లేదో చెప్పేది. నాకంటే మంచి రైతు. నా కూతురు చాలా మంచి రైతు.”

ఎన్ని పంటలైనా ఆగి వినాలనుకున్న మాట అది. ఇంత మాట, ఇంత నిండుగా, పరాయి మనిషి ముందు. ఆమె ఊహించుకున్నప్పుడల్లా ఆ మాట వినగానే సంతోషంతో ఏం చేయాలో తోచదనుకునేది. ఇప్పుడు ఒళ్లంతా చల్లబడింది. ఆఖరి బుట్ట దిగాక అనే మాట అది. పొలాన్ని పొగిడి ఎలా వదులుకున్నాడో, తనలోని రైతుని కూడా అలాగే వదులుకుంటున్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి, మొహంలో పని ముగించిన మనిషి అలసట ఉంది.

ఆమె టమాటా బల్ల మీద పెట్టి గబగబా అరుగు దగ్గరికి వచ్చింది. తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

“ఏముందిలే నాన్నా” అంది. సూపర్‌వైజరు వైపు తిరిగి, “నాకింకా ఏమీ రాదు సార్. ఇంకా నేర్చుకోవాలి” అంది.

సూపర్‌వైజరు అణకువ అనుకుని నవ్వాడు. తండ్రి మాత్రం తలెత్తి కూతురి మొహంలోకి చూశాడు. ఆమె పెదవులు అదురుతున్నాయి, అయినా కళ్లు దించలేదు. భుజం మీది చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆమె ఏం అడుగుతోందో ఆయనకి అర్థమైంది. తువ్వాలు మడిచి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

“అవును బాబూ, ఏముందిలే” అన్నాడు. గొంతు సర్దుకుని, “ఏదో తిరుగుతోంది” అన్నాడు.